మనిషి చాలు

మంచం వెళ్ళిపోయింది. మంచం ఇంకా రాలేదు. ఈ రెంటి మధ్యా నేను పడకగదిలో గచ్చు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పరుపు గోడకి చేరగిలబడి ఉంది, దాని మీద దుప్పటి కూడా ఇంకా తీయలేదు. పొద్దున అద్దె కంపెనీ మనుషులు ఇద్దరు వచ్చారు, మరలు తిప్పారు, తలవైపు చెక్క ఒకరు, కాళ్ళవైపు చెక్క ఒకరు పట్టుకుని పోయారు. మూడేళ్ళు మొగుడూ పెళ్ళాం పడుకున్న మంచం అంత తేలిగ్గా విడిపోతుందని నాకు తెలియదు. పోయేముందు అందులో ఒకతను ఫోన్‌తో నాలుగు మూలలా ఫొటోలు తీసి, “ఒక్క గీత కూడా పడలేదు మేడమ్, చాలా నీట్‌గా వాడారు” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం, నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మూడేళ్ళ కాపురంలో ఒక్క గీత కూడా పడలేదట. నిజమే, ఎలా పడుతుంది, మంచం మీద కూర్చుని తల దువ్వుకోకు లీలా, తడి తలతో ఆనుకోకు లీలా, టీ గ్లాసు అక్కడ పెట్టకు లీలా, మరక పడితే ఊరుకోరు లీలా, అని మా ఆయన విజయ్ కుమార్ గారు పూటకోసారి చెబుతూనే ఉన్నారు. మంచం మీద పడకపోయినా గీతలు పడాల్సిన చోటే పడ్డాయిలే అనుకుని గేటు వేసి లోపలికి వచ్చాను.

ఆయనకి ఇదేమీ తెలియదు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు, శనివారం ఒంటిపూట, భోజనానికి ఇంటికి వచ్చేస్తారు. ఆయన వచ్చేలోపు గుడివాడ నుంచి నా మంచం రావాలి, బిగించాలి, పరుపు వేసి దుప్పటి పరిచేయాలి, ఆయన గదిలోకి అడుగు పెట్టేసరికి అది ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు ఉండాలి. అదీ నా లెక్క, అందుకే ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టాను. ముందే అడిగితే వద్దంటారు. వద్దని గట్టిగా కూడా అనరు, గట్టిగా అంటే నేనూ నాలుగు అని దులిపేసుకునేదాన్ని, ఆయన మెల్లిగా, నొప్పిగా, “ఎందుకులే లీలా” అంటారు. ఆ మాటకి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. హెడ్ పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని రోజూ వందమందికి సమాధానం చెప్పే నోరు ఇంట్లో ఆ ఒక్క ముక్క దగ్గర మూతపడిపోతుంది. టేకు మంచం అది. నా జీతంతో, నేనే వెళ్ళి, చెక్క చూసుకుని చేయించుకున్న మంచం. ఈ ఇంట్లో నాదంటూ ఉండబోయే మొదటి వస్తువు. అది ఈ గదిలో నిలుస్తుందా, లేక ఆయన వెనక్కి పంపించేస్తారా అన్నదే ఇవాళ తేలాలి. మంచం నిలిస్తే నేనూ నిలిచినట్టే అని ఎవరితోనూ అనలేదు కానీ లోపల అనుకున్నది అదే.

వడ్రంగి మేస్త్రీ నాంచారయ్య ఇందాక ఫోన్ చేస్తే గుడ్లవల్లేరు దగ్గర టైరు పంక్చరైందన్నాడు. “ఎంతసేపమ్మా, వచ్చేస్తున్నాం, మీరు అన్నం వండుకునేలోపు మంచం వేసేసి పోతాం” అన్నాడు. అన్నం వండేశాను. చేపల పులుసు పెట్టేశాను. ఇల్లంతా పులుసు వాసన, ఈ గదిలో మాత్రం ఖాళీ వాసన. మంచం తీస్తే తెలిసింది, దాని కింద గచ్చు వేరే రంగు. నున్నగా, నల్లగా, ఎవరూ తొక్కని గచ్చు. అందులో నాలుగు మూలలా నాలుగు గుంటలు. కంపెనీ మంచానివి కావవి, రంపపు పొట్టుని జిగురుతో అతికించిన మంచానికి గచ్చుని తొలిచే బరువెక్కడిది, అవి అంతకుముందు ఇక్కడ ఉన్న మంచానివి. షీబా మంచానివి. వేలు పెట్టి చూశాను. లోతుగానే ఉన్నాయి.

షీబా ఆయన మొదటి భార్య. పెదపారుపూడి పిల్ల. ఐదేళ్ళు కాపురం చేసింది, జ్వరం వచ్చి పోయింది, పిల్లల్లేరు. ఈ సంగతులన్నీ మా అన్నయ్య హనోకు నాకు చెప్పే సంబంధం తెచ్చాడు. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిది, నాగాయలంకలో మా సంఘంలో నా కోసం ప్రార్థించని ఆడవాళ్ళు లేరు, ఆ ప్రార్థనలు వినీ వినీ దేవుడికే విసుగు పుట్టి ఉంటుంది. నిశ్చితార్థాన్ని మేం ప్రధానం అంటాం. ఆ రోజు పెద్దలు కూర్చున్నప్పుడు అన్నయ్య చేతులు నలుపుకుంటూ, “బావగారూ, కట్నం వద్దన్నారు, సంతోషం. ఆడపిల్లని ఉత్త చేతుల్తో పంపలేం కదండీ. మంచం, బీరువా, డైనింగ్ టేబులూ మా వంతు” అన్నాడు. అప్పుడు ఆయన తల ఎత్తి అందరినీ ఒకసారి చూసి, “సామాను కూడా ఏమీ వద్దండీ. మనిషి చాలు” అన్నారు.  గుడిలో ముందు పాస్టరుగారు స్తోత్రం అన్నారు, అందరూ స్తోత్రం అన్నారు, మా పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది, ఆ తర్వాతి ఆదివారం ఆ మాట మీదే ప్రసంగం కూడా చేశారట. నేను తల వంచుకుని కూర్చున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ దాన్ని, సిగ్గుపడే వయసు దాటిపోయిందనుకున్నదాన్ని, చెవులదాకా వేడెక్కిపోయింది. మనిషి చాలు. ఆ రెండు మాటలు పెట్టుకుని పెళ్ళిదాకా ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో చెబితే ఇప్పుడు నా మీద నాకే నవ్వు వస్తుంది. ఎంత పిచ్చిమొహాన్ని!

పెళ్ళయి బందరు వచ్చాక చూస్తే చిలకలపూడిలో ఇల్లు సొంతం, వాళ్ళ నాన్నగారు కట్టించింది, గోడలు మూరెడు మందం. ఇంట్లో సామాను మాత్రం అద్దె. జనం అద్దె ఇంట్లో సొంత సామాను పెట్టుకుంటారు, మేం సొంత ఇంట్లో అద్దె సామాను పెట్టుకున్నాం. విజయవాడ కంపెనీ, నెలకింతని కట్టాలి, ప్రతి వస్తువుకీ అడుగున ఒక స్టిక్కరు, దాని మీద ఒక నంబరు. సోఫా, టేబులు, కుర్చీలు, బీరువా, ఆఖరికి చెప్పుల స్టాండు కూడా. మొదట్లో తమాషాగానే అనిపించింది, పట్నం పద్ధతి కాబోలనుకున్నాను. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తే హాల్లో నా సోఫా లేదు. బూడిదరంగు సోఫా ఉండాల్సిన చోట మెరూన్ సోఫా ఉంది. వేరే ఇంట్లోకి వచ్చానేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను కూడా. “ఏడాదికోసారి మార్చుకోవచ్చు లీలా, ప్లాన్‌లో ఉంది” అన్నారు ఆయన తాపీగా. నన్నొక మాట అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆ రాత్రి అన్నం తింటూ ఈయన ప్లాన్‌లో ఇంకేమేం మార్చుకోవచ్చోనని అనుకున్నాను. పక్కింటి విజయకుమారి ఇంటి దగ్గరే కూర్చుని రోల్డ్ గోల్డ్ నెక్లెసులకి రాళ్ళు అతికిస్తుంది, చేతులు ఎంత చురుకో నోరూ అంతే. “మా గిల్టు గాజులకైనా ఆర్నెల్లు గ్యారంటీ ఇస్తామండీ లీలావతిగారూ, మీ సోఫాకి అదీ లేదే” అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకేం చేస్తాను.

ఆ విజయకుమారే చెప్పింది లారీ సంగతి. నేను అడగలేదు, ఆవిడ ఆపలేదు. షీబాని సమాధి చేశాక ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారట, పాటలు పాడారు, వాక్యం చెప్పారు, టీలు తాగారు, జనం సర్దుకున్నారు. అప్పుడు పెదపారుపూడి నుంచి లారీ వచ్చింది. పిల్లల్లేకుండా ఆడపిల్ల పోతే సారె పుట్టింటిది. ఇది ఏ వాక్యంలోనూ లేదు, చట్టంలో ఉందో లేదో తెలియదు, మా వైపు అందరికీ కంఠస్థం మాత్రం. అన్నదమ్ములు ముగ్గురూ ఏడుస్తూనే ఎక్కించారట. డబుల్ కాట్, బీరువా, డ్రెస్సింగ్ టేబులు, కుర్చీలు. గిన్నెలు ఒక్కొక్కటే తిప్పి చూశారట, షీబా అని చుక్కల అక్షరాలతో పేరు కొట్టించినవన్నీ అటు, పేరు లేనివి ఇటు. ఫ్రిజ్ ఎక్కించాల్సి వచ్చేసరికి లోపల పెరుగు గిన్నె ఉంది. దాన్ని తీసి వంటింటి గట్టు మీద పెట్టి ఫ్రిజ్ పట్టుకుపోయారు. “మాస్టారు ఒక్క మాట అంటే ఒట్టండీ. అలా గోడకి ఆనుకుని నిలబడి చూశారు. రాత్రికి నేను కూర పట్టుకెళ్ళేసరికి చీకట్లో గచ్చు మీద కూర్చుని ఆ పెరుగన్నం తింటున్నారు. ఆవిడ తోడుపెట్టిన పెరుగు కదా మరి” అంది విజయకుమారి, రాళ్ళు అతికించడం ఆపి. ఆ గిన్నె ఇప్పటికీ ఉంది. నిండా పెరుగు ఉండబట్టి తిప్పి చూడలేకపోయారు, అడుగున ఆమె పేరు ఉంది. నేను రోజూ అందులోనే పాలు తోడుపెడతాను.

ఆ కథ విన్న రోజు నాకు ఏడుపు వచ్చింది, నిజంగానే ఆయన కోసమే వచ్చింది. ఇంటికి వచ్చి ఆయనకి ఇష్టమని గోంగూర రొయ్యలు వండాను. ఏడుపు తగ్గాక, గిన్నెలు కడుగుతుంటే, ఇంకో సంగతి తట్టింది. చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. నేను పోస్టాఫీసులో ఖాతా తెరిచేవాళ్ళని రోజంతా నామినీ ఎవరండీ, నామినీ పేరు చెప్పండి అని అడుగుతుంటాను, మీరు పోతే ఈ డబ్బు ఎవరికి అనేదే ఆ ప్రశ్న, అయినా మర్యాదగా అడుగుతాం. ఆయన కూడా ప్రధానం రోజున అంత మర్యాదగానూ మాట్లాడారు. సామాను వద్దు అన్నది నా మీద ప్రేమతో కాదు, నేను పోయాక లారీ రాకూడదని. నన్ను ఇంకా సరిగ్గా చూడను కూడా చూడలేదు, నా పక్కన కూర్చోలేదు, అప్పటికే నన్ను పాతిపెట్టి వచ్చి ఖాళీ ఇంట్లో కూర్చుని చూసుకున్నారు. ఆ ఖాళీ రాకుండా కట్టుదిట్టం చేసుకున్నారు. స్తోత్రం అన్నారు అందరూ. నా చావుకి స్తోత్రం చెప్పించుకున్నాను, తల వంచుకుని, సిగ్గుపడుతూ.

ఇదంతా నా అనుమానం అంటారా, పోయిన వానాకాలం నాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. ఆయన రాత్రంతా కూర్చున్నారు, తడిగుడ్డ వేశారు, మాత్రలు వేశారు, ఒక్క వంక పెట్టడానికి లేదు. తెల్లవారేసరికి వరండాలో ఫోన్‌లో మాట్లాడడం వినిపించింది, “హనోకుగారూ, ఒకసారి బండి తీసుకుని రండి, తీసుకెళ్దురుగాని” అని. అన్నయ్య భయపడిపోయి అవనిగడ్డ మీదుగా ఆటో వేసుకుని పరిగెత్తుకొచ్చాడు, నేను లేచి ఇడ్లీ తింటుంటే చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. “అక్కడైతే చూసుకునేవాళ్ళుంటారని” అన్నారు ఆయన. విరగకముందే తిప్పి పంపించేద్దామనుకున్నారు, అంతే. గీత పడితే డిపాజిట్ పోతుంది కదా.

అన్నయ్య తీసుకెళితే నాగాయలంకలో ఆ వారం మంచం మీద పడుకుని అమ్మకి ఇదంతా చెప్పాను. అమ్మకి డెబ్బై దాటాయి, ఉప్పెన చూసిన మనిషి. డెబ్బయ్యేడులో నీళ్ళు వచ్చి ఇల్లూ గొడ్లూ వాకిలీ అన్నీ పట్టుకుపోతే, అప్పటికి చంటిదైన మా అక్కని కూడా పట్టుకుపోతే, నాన్నా అమ్మా చర్చి అరుగు మీద నెలలు గడిపారు. తర్వాతి ఏడాది కోతలకి వెళ్ళి సంపాదించి ముందు కొన్నది మంచమేనట. పాక ఇంకా వేసుకోలేదు, మంచం కొన్నారు, చెట్టు కింద వేసుకుని పడుకున్నారు. “మళ్ళీ ఉప్పెన వస్తే పోతుందని తెలీదా అమ్మా?” అన్నాను. “ఎందుకు తెలీదే? పోయేది ఎలాగూ పోద్ది. ఉన్నన్నాళ్ళు మనదనుకుని పడుకుంటే నిద్రపట్టుద్ది” అంది. అక్కడినుంచి బందరు వచ్చే బస్సులోనే మంచం కొనాలని తీర్మానించుకున్నాను.

ఆఫీసులో ఒకావిడ చెబితే గుడివాడ వెళ్ళి కలప అడితి పక్కనే ఉన్న నాంచారయ్యని పట్టుకున్నాను. చెక్క చూపించాడు, కొలతలు అడిగాడు, అలవాటుగా, “ఏ ఊరు ఇస్తున్నారమ్మా పిల్లని?” అన్నాడు. “పిల్ల లేదు మేస్త్రీగారూ, నాకే” అన్నాను. “మీకా? ఎవరు పెడుతున్నారు?” “నాకు నేనే పెట్టుకుంటున్నాను.” పెన్సిలు చెవి మీద పెట్టుకుని నా మెడ వైపూ కాలివేళ్ళ వైపూ ఒకసారి చూశాడు, పెళ్ళయిందో లేదోనని. తర్వాత ఏమీ అడగలేదు. నాకు మాత్రం ఆ మాట నోటినుంచి వచ్చాక ఒళ్ళంతా తేలికైంది, అడితిలో ఆ టేకు వాసనలో కాసేపు ఊరికే నిలబడ్డాను. సెంటరుకొచ్చి ఒక్కదాన్నే ఐస్‌క్రీమ్ తిన్నాను కూడా.

ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను, నాంచారయ్యే, పెడన దగ్గర రైల్వే గేటు పడిందట. అంటే ఇంకా వస్తూనే ఉన్నారు. గోడ గడియారం వైపు చూసి, మళ్ళీ గది వైపు చూసి, అప్పుడు నాకు తెలిసింది నేనేం చేశానో. నా లెక్కంతా మంచం ముందు వస్తుందని. ఆయన ముందు వస్తే? గేటు తీసుకుని, చెప్పులు విప్పి, గదిలోకి వస్తే, ఏం కనిపిస్తుంది? ఖాళీ గచ్చు. గోడకి నిలబెట్టిన పరుపు. నాలుగు గుంటలు. ఆ రోజు లారీ వెళ్ళాక ఏం చూశారో సరిగ్గా అదే. దేవా, ఇంత కచ్చ ఉందా నాలో? కావాలని చేయలేదు, ఒట్టు, కానీ కావాలని చేసినా ఇంత బాగా కుదరదు. గబగబా లేచి పరుపు కింద పడేశాను, గుంటలు కనపడకుండా, దుప్పటి సరిచేశాను. గచ్చు మీద పరుపు వేస్తే ఇంకా ఘోరంగా ఉంది, జబ్బుమనిషి పక్కలా ఉంది. మళ్ళీ ఎత్తి నిలబెట్టబోతే బరువు, సగంలో ఉండగానే గేటు చప్పుడైంది. మంచం తెచ్చే బండి గేటు తీసుకుని రాదు. ఆయనే.

గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో నాకు ఇష్టమని కోనేరు సెంటర్లో కొన్న జామకాయల సంచి. నన్ను చూడలేదు. గచ్చునే చూస్తున్నారు. ముఖంలో నెత్తురు లేదు. “ఎవరొచ్చారు?” అన్నారు. “ఎవరూ రాలేదండీ…” “మీ అన్నయ్య వచ్చారా? నువ్వెందుకు ఊరుకున్నావు?” అని, నేను ఎదురుగా నిలబడి ఉండగానే, బతికి ఉండగానే అడుగుతున్న ఆ మాటలోని తప్పు తనకే వినిపించినట్టు ఆగిపోయారు. జామకాయలు కింద పెట్టి గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయారు. పరిగెత్తాను, నీళ్ళు తెచ్చాను. “కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళారండీ. నేనే రమ్మన్నాను. వేరే మంచం వస్తోంది, నేను కొన్నాను, నా డబ్బుతో” అన్నాను పక్కన కూలబడి. గ్లాసు చేత్తో పట్టుకున్నారు కానీ తాగలేదు. ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. తియ్యలేదు. ఇంకో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు, నాడి చూసినట్టు. అప్పుడు నాకు నా కోపమంతా అన్యాయంగా కనిపించింది. ఈయన భయం సామాను పోతుందని కాదు, మనుషులు పోతారని, అది చెప్పుకోవడం రాక చెప్పుల స్టాండు కూడా అద్దెకి తెచ్చుకున్నాడు పిచ్చిమనిషి అనుకున్నాను. జుట్టు సవరించాను. మూడేళ్ళలో నేను ఆయన తల మీద చెయ్యి వేయడం అదే మొదలు.

అంతలో వీధిలో హారన్. నాంచారయ్యా ఇంకొకతనూ మంచం చెక్కలు దింపారు. ఎండ పడి టేకు మెరిసింది, విజయకుమారి గోడ మీంచి తొంగి చూసి, “అబ్బో, సొంతమేనా అండీ!” అంది. ఆయన లేచారు.  చొక్కా చేతులు మడిచి, తలవైపు చెక్క ఒక కొస తానే పట్టుకున్నారు. “జాగ్రత్త సార్, బరువుంటుంది” అన్నాడు నాంచారయ్య. “పర్లేదు” అన్నారు. ముగ్గురూ కలిసి బిగించారు. కాళ్ళు సరిగ్గా ఆ గుంటల్లో కూర్చోలేదు, ఇది వాటికన్నా కాస్త వెడల్పు, నాకు అదే బాగుంది. ఆయన ఒట్టి చెక్కల మీద కూర్చుని రెండు చేతులా అదిమి చూశారు. “బాగుంది లీలా. చాలా బాగుంది” అన్నారు.  నేను ముఖం తిప్పుకుని దుప్పటి దులపడం మొదలుపెట్టాను, లేకపోతే మేస్త్రీ ముందే ఏడ్చేసేదాన్ని. ఇక ఇది నా ఇల్లు అనుకున్నాను. పోయేది పోతే పోతుంది, ఈ రాత్రికి మాత్రం నాది.

మేస్త్రీ మనుషులు పనిముట్లు సర్దుకుంటున్నారు. ఆయన దగ్గరికి వచ్చి, వాళ్ళకి వినపడకుండా, “ఒకసారి మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి” అన్నారు.

“ఇప్పుడేనా? సాయంత్రం చేస్తాలెండి. రేపు గుడి అయ్యాక భోజనానికి రమ్మందాం, మంచం కూడా చూసినట్టుంటుంది.”

“అది కాదు. ఇది వాళ్ళు పెట్టింది కాదని, దీని మీద వాళ్ళకే హక్కూ లేదని, ఒక కాయితం రాసి సంతకం పెట్టి పంపమను. ఎందుకైనా మంచిది.”

దుప్పటి నా చేతుల్లో సగం మడతలో ఉంది. ఆయన ముఖంలోకి చూశాను. కోపం లేదు, మోసం లేదు, ఇందాకటి భయం కూడా లేదు. కుదుటపడ్డారు.

“నేను పోయాక చూపించడానికేగా అండీ?” అన్నాను.

ఆయన వంగి గోడ పక్కనున్న జామకాయల సంచి తీశారు.

“రాయిస్తాను. తారీఖు ఏం వెయ్యమంటారు?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

“ఇవాళ్టిదే వెయ్యమను” అన్నారు.